‘లావొక్కింతయు లేదు’: ఏనుగు చిక్కిపోలేదు, మరి కవి ఆ మాటే ఎందుకు వాడాడు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చెన్నైలో పదిమంది తెలుగువాళ్లు నెలకోసారి కూర్చుని ఒక పద్యమో కవితో చదువుకుంటున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళమో ఇంగ్లీషో చదివినవాళ్లే ఎక్కువ. కవి ఎంచుకున్న మాటల వల్ల భావం ఎలా మారుతుందో మాట్లాడుకోబోతే, చర్చ ‘పదాలు భలే ఉన్నాయి’ దగ్గర ఆగిపోతోంది. పోయిన నెల పోతన గజేంద్రమోక్షంలో ‘లావొక్కింతయు లేదు’ అన్నచోట, ఏనుగు నీళ్లలో నానీ నానీ చిక్కిపోయిందని ఒకరు అన్నారు. కాదని అందరికీ అనిపించింది కానీ ఎలా చూపించాలో తెలియలేదు.

ఒక మాట బాగుందా లేదా అని దాన్నొక్కదాన్నే పట్టుకుని చూస్తే ఎప్పటికీ తేలదు. ఆ చోట కూర్చోగలిగి కూడా కవి కూర్చోబెట్టని మాటల్ని పక్కన పెట్టి చూడాలి. వాడని మాట తెలిస్తేనే వాడిన మాట బరువు తెలుస్తుంది. మిగతా పనంతా ఆ వాడని మాటల్ని సరిగ్గా వెతకడమే, అందులోనే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు.

ముందు లావు సంగతి. పాత తెలుగులో లావు అంటే బలం. ఒళ్లు అనే అర్థం తర్వాత గట్టిపడింది. ఇలా దారి మళ్లిన మాటలు చాలా ఉన్నాయి. కంపు అంటే ఒకప్పుడు పరిమళం కూడా. చీర అంటే ఆడా మగా ఎవరు కట్టుకున్నా బట్టే. అందుకే పాత పద్యంలో బాగా తెలిసినట్టు కనిపించే మాటనే ముందు అనుమానించండి. తెలియని మాటకు ఎలాగూ నిఘంటువు తీస్తాం, తెలిసిన మాటే మోసం చేస్తుంది. బ్రౌన్ నిఘంటువు (1852), బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం (1885) రెండూ పాత అర్థాలు ఇస్తాయి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో పాత నిఘంటువులను ఒకేచోట వెతకవచ్చు.

నిఘంటువులో దొరకలేదని చాలామంది వదిలేస్తారు. సగంసార్లు తప్పు నిఘంటువుది కాదు, సంధిది. కింద వచ్చే ‘సిరికిం జెప్పడు’ పద్యంలో ‘జేదోయి’ అని ఉంటుంది, జ కింద వెతికితే ఏమీ ఉండదు. ముందు మాట చివర ద్రుతం, అంటే నకారం ఉంటే, తర్వాతి క చ ట త ప లు గ జ డ ద బ లుగా మారతాయి. కాబట్టి జేదోయిని చేదోయిగా (చేతుల జంట), జీరడును చీరడుగా (పిలవడు), బన్నింపడును పన్నింపడుగా (సిద్ధం చేయించడు) మార్చి వెతకండి. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే పాత పద్యాల్లో దొరకని మాటలు చాలావరకు దొరుకుతాయి.

ఇక పద్యం:

లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, ప్రాణంబులున్
ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె, తనువున్ డస్సెన్, శ్రమంబయ్యెడిన్,
నీవే తప్ప నితఃపరం బెఱుగ, మన్నింపందగున్ దీనునిన్,
రావే యీశ్వర! కావవే వరద! సంరక్షించు భద్రాత్మకా!

లావు చోట ఏముండొచ్చు? బలము, శక్తి, సత్తువ. ఇది శార్దూలం, ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ఒకటే హల్లు కావాలి. అదే ప్రాస. ఇక్కడ ప్రాసాక్షరం వ. బలము అంటే ల వస్తుంది, శక్తి అంటే క్త వస్తుంది, మిగతా మూడు పాదాలూ మార్చుకోవాలి. ఛందస్సు కోసం లావు అన్నాడు, అంతే కదా అని ఎవరైనా అంటే అది సగం నిజం. ప్రాసాక్షరాన్ని ఎంచుకున్నదీ కవే. ఆ నాలుగు మాటలూ వరసగా చదవండి: లావు, ఠావు, నీవే, రావే. మొదటి రెండూ పోయినవి. బలం పోయింది, ప్రాణాలు ఉండాల్సిన చోటు తప్పాయి. తర్వాతి రెండూ కావలసినవి. నువ్వే, రా. పద్యం మొత్తం చెప్పేది, అంటే తనది అనుకున్నది పోయాకే రెండోవాడి వైపు తిరగడం, ఆ నాలుగు ప్రాస స్థానాల్లోనే నిలువుగా రాసి ఉంది. బలముతో మొదలుపెట్టి ఉంటే ‘నీవే’ ఆ చోట పడేది కాదు.

రెండోది, వాక్యాలు లెక్కపెట్టండి. మొదటి రెండు పాదాల్లో ఆరు చిన్న వాక్యాలు. లేదు, అయ్యె, తప్పెను, వచ్చె, డస్సెన్, అయ్యెడిన్. రెండు మూడు మాటలకే ఊపిరి ఆగిపోతోంది, సమాసం కట్టే ఓపిక ఆ ఏనుగుకు లేదు. చివరి క్రియ ఒక్కటే వర్తమానం: శ్రమంబయ్యెడిన్, అంటే ఇప్పుడు అవుతోంది. జరిగిపోయినవన్నీ చెప్పి, జరుగుతున్నదానితో ఆపాడు.

నాలుగో పాదంలో కావవే అన్నా సంరక్షించు అన్నా కాపాడమనే. మొదటిది ఇంటి తెలుగు, రెండోది గుడిలో మంత్రంలా వినిపించే సంస్కృతం. పిలుపు కూడా అంతే. ఈశ్వరుడు అంటే చేయగలిగినవాడు, వరదుడు అంటే ఇచ్చేవాడు. చేతనైనవాడా రా, ఇచ్చేవాడా కాపాడు. పిలిచిన పేరుకూ అడిగిన పనికీ పొత్తు కుదిరింది. అక్కడ విష్ణువు పేర్లలో ఏదో ఒకటి వేశాడనుకుంటే ఇది కనిపించదు. పేర్లన్నీ ఒకటే అనుకుని దాటేయడం భక్తి పద్యాలు చదివేటప్పుడు అందరూ చేసే పొరపాటు.

దీని జంట పద్యం కూడా అదే రోజు చదవండి. మొర విన్న విష్ణువు బయల్దేరే పద్యం:

సిరికిం జెప్పడు, శంఖచక్రయుగముం జేదోయి సంధింప, డే
పరివారంబును జీర, డభ్రగపతిం బన్నింప, డాకర్ణికాం
తర ధమ్మిల్లము జక్క నొత్తడు, వివాదప్రోత్థిత శ్రీకుచో
పరి చేలాంచలమైన వీడడు గజప్రాణావనోత్సాహియై.

భార్యకు చెప్పడు, ఆయుధాలు పట్టడు, పరివారాన్ని పిలవడు, గరుడుణ్ణి సిద్ధం చేయించడు, చెవిదాకా జారిన జుట్టు సర్దుకోడు, ప్రణయకలహంలో పట్టుకున్న పైట కొంగు కూడా వదలడు. ఆరు క్రియలు, ఆరూ వ్యతిరేకాలే. ఏనుగువి ఆరు వాక్యాలు, ఈయనవి ఆరు ‘కాదు’లు. కావాలని లెక్క కుదిర్చాడని నేను పందెం వేయను, కానీ చదివేవాడి చెవికి ఆ తూకం అందుతుంది. ‘వేగంగా వెళ్లాడు’ అనే మాట పద్యంలో ఎక్కడా లేదు గమనించండి. చేయనివి చెప్పి వేగం చూపించాడు. పాదాల చివరలు కూడా చూడండి. సంధింపడే–పరివారం, ఆకర్ణికాం–తర, కుచో–పరి. పాదం అయిపోయినా మాట ఆగదు, తర్వాతి పాదంలోకి ఉరుకుతుంది. ఏనుగు పద్యంలో ప్రతి పాదమూ మాటతోనే ఆగింది. అలిసినవాడి ఊపిరి అది, ఉరికేవాడి నడక ఇది.

ఈ పద్యంలోనే మీ గుంపుకు పనికొచ్చే ఇంకో విషయం ఉంది. లక్ష్మికి రెండు పేర్లు వాడాడు, మొదట సిరి, చివర శ్రీ. సిరి అనేది శ్రీ నుంచి వచ్చిన తద్భవం. చివర ‘సిరి’ అని ఎందుకు అనలేదు? సంస్కృత సమాసం మధ్యలో తెలుగు మాట పెడితే వైరి సమాసం అవుతుంది, వ్యాకరణం ఒప్పుకోదు. అది కవి ఎంపిక కాదు, నియమం. మొదట శ్రీ అనకుండా సిరి అన్నది మాత్రం ఎంపికే. ‘సిరికి చెప్పడు’ అనగానే వైకుంఠం కాస్తా ఇల్లైపోయింది. బయటికి వెళ్తూ ఇంట్లో చెప్పకుండా వెళ్లాడన్నమాట. ఏది నియమం వల్ల వచ్చింది, ఏది ఇష్టపడి తెచ్చుకున్నది అని ఇలా విడదీయడం అలవాటు చేసుకోండి. లేకపోతే కవికి లేని తెలివి అంటగడతాం, ఉన్నది చూడకుండా పోతాం.

తత్సమం (సంస్కృతం నుంచి దాదాపు ఉన్నదున్నట్టు వచ్చినది), తద్భవం (మారి వచ్చినది), దేశ్యం (అచ్చ తెలుగు), గ్రామ్యం (వ్యాకరణం ఒప్పని వాడుక మాట) అనే విభజన బడిలో పరీక్ష కోసం బట్టీ పట్టేది అనుకుంటారు. దీన్ని సూత్రాలుగా ఇచ్చిన చిన్నయసూరి మీ ఊళ్లోనే, ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా పనిచేశాడు. బాలవ్యాకరణం 1858లో వచ్చింది. కవిత్వం చదివేవాడికి ఇది పరీక్ష ప్రశ్న కాదు, సరిగ్గా పనికొచ్చే కొలతగిన్నె లాంటిది. నీళ్లు, నీరు, జలం, ఉదకం, తీర్థం అన్నీ ఒకే వస్తువు. నీళ్లు బిందెలో ఉంటాయి, జలం నదిలోనో ప్రభుత్వ పథకంలోనో ఉంటుంది, తీర్థం అరచేతిలో ఉంటుంది, ఉదకం అనగానే తర్పణం గుర్తొస్తుంది. ఎండిన ఊరి గురించి రాసిన కవితలో చివర ఎక్కడో ‘ఉదకం’ కనిపిస్తే, ఆ ఊరు చచ్చిపోయిందని కవి చెప్పకుండానే చెప్పాడు. చావు గురించీ అంతే. చచ్చాడు, పోయాడు, కన్నుమూశాడు, కాలం చేశాడు, పరమపదించాడు, రాలిపోయాడు, అమరుడయ్యాడు. జరిగింది ఒకటే. మాట్లాడేవాడు పోయినవాడికి ఎంత దూరంలో, ఏ వైపు నిలబడ్డాడో మాట చెప్తుంది.

దీన్ని సూత్రంగా మాత్రం మార్చకండి. సంస్కృతం అంటే గంభీరం, తెలుగు అంటే సరళం అని చాలా పుస్తకాలు రాసేశాయి. వేమన పద్యం ఒకటి తీసుకుంటే ఆ సూత్రం ఎంత పలచనో తెలుస్తుంది.

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్య పురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

కర్పూరం అనలేదు, కప్పురం అన్నాడు. ఆటవెలదిలో సూర్యగణం (మూడు మాత్రల ముక్క) పడాల్సిన చోట కర్పూరం ఇమడదు నిజమే. కానీ దొరికింది చూడండి. ఉప్పు, కప్పు. రెండు వస్తువులూ కంటికి ఒకేలా ఉంటాయని చెప్పే పాదంలో రెండు మాటలూ చెవికి ఒకేలా ఉన్నాయి. లవణం, కర్పూరం అని ఉంటే ‘ఒక్క పోలిక’ అన్నది వట్టి సమాచారం అయ్యేది. తర్వాత ‘చూడ చూడ’. తెలుగులో కంటితోనూ చూస్తాం, నాలుకతో రుచీ చూస్తాం. మొదటి పాదంలో పోలిక కంటికి, రెండో పాదంలో రుచి నాలుకకు. ఆ రెండింటి మధ్య నిలబడి ఒకే క్రియ రెండు పనులూ చేస్తోంది. ఇంగ్లీషు అనువాదం పెట్టుకుని చర్చిస్తే ఈ కీలు పూర్తిగా పోతుంది. తమిళంలోకి మార్చుకుంటే మాత్రం ఉప్పూ ఉంటుంది, అక్కడా ‘రుచి పార్’ అంటారు కనుక ఈ చూపూ ఉంటుంది. మూడో పాదంలో వంటింట్లోంచి ఒక్కసారి ‘పుణ్యపురుషులు’ అనే సంస్కృతంలోకి వెళ్తాడు. పురుషులు, పుణ్యపురుషులు: మళ్లీ ఉప్పు కప్పురం ఆటే, ఒకదానిలో ఒకటి దాగిన మాటలు. బయటికి అందరూ పురుషులే.

మాటను మార్చి చూసే పరీక్షకు గురజాడ అప్పారావు దేశభక్తి గేయం (1910) చాలా మంచిది, మాత్రలు లెక్కపెట్టడం సులువు కనుక. లఘువుకు, అంటే పొట్టి అక్షరానికి 1, గురువుకు, అంటే సాగే అక్షరానికి 2. ‘దేశమంటే మట్టి కాదోయ్, దేశమంటే మనుషులోయ్’. దేశమంటే 7 మాత్రలు, మట్టి కాదోయ్ 7, మళ్లీ దేశమంటే 7, మనుషులోయ్ 5. ఇప్పుడు మార్చండి. ‘నేల కాదోయ్’ కూడా 7. ‘భూమి కాదోయ్’ కూడా 7. ‘జనములోయ్’ కూడా 5. లయ ఏ మాత్రం చెడలేదు. అంటే ఇక్కడ ఛందస్సు కవి చెయ్యి పట్టుకోలేదు, మట్టిని ఆయన కోరి తెచ్చుకున్నాడు.

నేల అంటే పంట ఉంది, పుట్టిన నేల ఉంది. భూమి అంటే తల్లి ఉంది, పట్టా కూడా ఉంది. ‘దేశమంటే నేల కాదోయ్’ అని పాడి చూడండి, ఎవరో రైతు లేచి ‘ఎందుక్కాదు?’ అని అడిగేలా ఉంటుంది. మట్టి ఒక్కటే కాళ్లకంటితే కడుక్కునేది, తోసిపుచ్చడానికి వీలైన మాట. అవతలి పక్క జనములు అంటే గుంపు, ప్రజలు అంటే ఎవరో పాలించేవాళ్ల కింద ఉన్నవాళ్లు. మనుషులు అంటే ఒక్కొక్కరూ. పైగా మట్టి, మనుషులు రెండూ మకారంతో మొదలవుతాయి. వద్దన్నదీ కావాలన్నదీ ఒకే అక్షరంతో మొదలైతే ఎదురెదురుగా నిలబడతాయి. అదే గేయంలో వొట్టి మాటలు, కట్టిపెట్టోయ్, గట్టి మేల్ తలపెట్టవోయ్ అని ట్ట పదేపదే తగులుతుంది. మట్టి ఆ వరసలోదే. ‘మనుషులోయ్’ దగ్గర ఆ గట్టి చప్పుడు లేదు.

శబ్దం గురించి ఒక హెచ్చరిక ఇక్కడే. ట అంటే కఠినం, ల అంటే సుకుమారం అని పట్టిక తయారుచేసుకుని కవిత మీద అంటించొద్దు. ‘బుట్ట’లో ఏం కాఠిన్యం ఉంది? శబ్దం ఒంటరిగా ఏ అర్థాన్నీ ఇవ్వదు. ఒకే చప్పుడున్న మాటలు రెండు మూడు అర్థంలో కూడా దగ్గరగానో ఎదురుగానో ఉంటేనే దాని గురించి మాట్లాడండి.

శ్రీశ్రీ దగ్గరికి వస్తే ఒక్క మాట చాలు, మరో ప్రపంచం. 1934 నాటి మహాప్రస్థానం గేయంలోది, సంపుటం 1950లో వచ్చింది. ఎందుకు మరో లోకం కాదు? తెలుగులో మరో లోకం అంటే పైలోకం. పరలోకం, యమలోకం, స్వర్గలోకం, అన్నీ లోకాలే. ‘మరో లోకం పిలిచింది’ అంటే ఇంటిల్లిపాదీ ఏడవాల్సి వస్తుంది. ప్రపంచం అనే మాటకు పైన ఇంకో అంతస్తు లేదు, ఉన్నదంతా ఇక్కడే. అంటే కొత్తది రావాలి, కానీ ఈ నేల మీదే రావాలి. ఆ గేయం చెప్పదలచినదంతా లోకం అనకుండా ప్రపంచం అనడంలో ఉంది. ఇప్పుడు శీర్షిక చూడండి. భారతంలో పదిహేడో పర్వం పేరు మహాప్రస్థానికం, పాండవులు అన్నీ వదిలి ఉత్తరానికి చివరి ప్రయాణం కట్టినది. తిరిగిరాని ఆ నడక పేరును తీసి బతకడానికి కదిలే గుంపుకు పెట్టాడు. భారతం తెలియని పాఠకుడికి అది పెద్ద ప్రయాణం మాత్రమే, తెలిసినవాడికి చావు మాటను బతుకు మాటగా తిప్పడం కనిపిస్తుంది.

అందులోనే ‘పదండి’ అని ఉంటుంది. వెళ్లండి అంటే నేను రాను, మీరు పొండి. పదండి అంటే నేనూ వస్తున్నా. తెలుగులో ఈ తేడా పిల్లలకు కూడా తెలుసు, అయినా చర్చల్లో ఎవరూ ఎత్తరు. ఇలాంటి చిన్న వ్యాకరణ మాటలే ఇతివృత్తాన్ని ఎక్కువగా మోస్తాయి. మనం, మేము తేడా కూడా అంతే. కవితలో మొదట మేము అని ఉండి చివర మనం అయితే, వినేవాడిని లోపలికి పిలిచారు. మనం కాస్తా మేము అయితే తలుపు వేశారు. తమిళంలో నామ్, నాంగళ్ అని మీకు అలవాటే కనుక మీవాళ్లు దీన్ని వెంటనే పడతారు.

చెన్నైలో చదివేవాళ్లకు తమిళం ఇలా సాయం చేస్తుంది, అప్పుడప్పుడు కాలికి అడ్డం కూడా పడుతుంది. అవసరం అంటే తెలుగులో కావలసి రావడం, తమిళంలో తొందర. ఆత్రం అంటే మనకు ఆరాటం, తమిళ ఆత్తిరం కోపం. పసి అంటే మనకు లేత, తమిళంలో ఆకలి. ‘పసి కళ్లు’ అని కవితలో ఉంటే ఆకలి కళ్లు అని చదివినా వాక్యం చక్కగా సాగిపోతుంది, అందుకే తప్పు దొరకదు. గుంపులో ఒకరికి ఈ కాపలా పని అప్పజెప్పండి.

జాషువా గబ్బిలం (1941) గురించి క్లుప్తంగా. అక్కడ ఎంపిక పద్యంలోని మాటది కాదు, దూతది. సందేశం మోసుకెళ్లేది కావ్యాల్లో మేఘమో హంసో. ఆయన గబ్బిలాన్ని పంపాడు. అపశకునమని జనం అసహ్యించుకునే ఆ జీవి గుడి లోపల వేలాడగలదు, పంపిన మనిషికి మాత్రం గుడిలోకి దారి లేదు. శీర్షిక చదవగానే సగం కావ్యం చదివినట్టే.

ఇక మీ సమావేశంలో చేయవలసిన పని. నాలుగు పాదాల పద్యానికి గంటన్నర పెట్టుకోండి. రెండుసార్లు పైకి చదవండి, రెండోసారి వేరే గొంతుతో. తర్వాత పదవిభాగం చేసి, వాడుక తెలుగులో ఒక్క వాక్యంలో ఏం జరిగిందో రాయండి. ఇది వదిలేసి సొగసుల మీదికి దూకే గుంపులే లావు దగ్గర బోర్లా పడతాయి. ఆపైన ఒక్కొక్కరు మూడు మాటలకు మించకుండా గీత గీయాలి. పదిమందిలో నలుగురైదుగురు ఒకే మాట కింద గీస్తే అక్కడ ఏదో ఉంది. గీతలు పడ్డ మాటల్లో రెండో మూడో తీసుకుని, ఒక్కొక్కదానికి ఆ చోట పట్టే మూడు ప్రత్యామ్నాయాలు రాయండి. నిఘంటువు చూడ్డానికి పదిహేను నిమిషాలు చాలు. ప్రత్యామ్నాయంతో పాదాన్ని మళ్లీ పైకి చదవండి. ఏం పోయింది? అర్థమా, చప్పుడా, మాట్లాడేవాడి వైఖరా, పాత కథ జ్ఞాపకమా? ఏమీ పోకపోతే ఏమీ పోలేదని ఒప్పుకోండి. పాదపూరణానికి వేసిన మాటలు పెద్ద కవుల్లోనూ ఉంటాయి.

ఇతివృత్తం చివర తేల్చండి, మొదట కాదు. ‘ఇది భక్తి పద్యం’ అని ముందే అనుకుంటే ప్రతి మాటలోనూ భక్తే కనిపిస్తుంది. తేల్చేటప్పుడు కూడా భక్తి, దేశభక్తి, ప్రేమ అని ఒక్క మాటతో సరిపెట్టొద్దు. అవి విషయాలు. దాని గురించి కవి ఏమంటున్నాడో క్రియ ఉన్న పూర్తి వాక్యంగా రాయాలి. ‘తన బలం మీద నమ్మకం పోయాకే పిలుపు నిజమవుతుంది’ అని రాస్తే దాన్ని లావు, నీవే, రావే అనే మూడు మాటలతో నిలబెట్టొచ్చు. కనీసం మూడు మాటలైనా సాక్ష్యం చెప్పని వాక్యాన్ని కొట్టేయండి.

ఏ ప్రతి చూసి చదువుతున్నారో జాగ్రత్త. వాట్సాప్‌లో తిరిగే పద్యంలో ఒక్క అక్షరం మారినా మీ చర్చంతా లేని మాట మీద సాగుతుంది. వేమనకు పాఠాంతరాలు మరీ ఎక్కువ. అచ్చు ప్రతి చూడండి. పాత కావ్యాలకు వావిళ్లవారి ప్రతులు మద్రాసులోనే అచ్చయ్యాయి. ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయం దేశంలో అచ్చయ్యే పుస్తకాల కాపీలు చేరవలసిన నాలుగు గ్రంథాలయాల్లో ఒకటి, అక్కడ తెలుగు విభాగం అడగండి.

‘వచన కవితకు ఛందస్సే లేదు కదా, అక్కడ ఏ మాటైనా ఒకటే కదా’ అని కూడా మీవాళ్లలో ఒకరు అడిగారన్నారు. తిరగేసి చూడండి. పద్యకవికి యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ), ప్రాస, గణం అనే మూడు సాకులున్నాయి. వచనకవికి ఒక్కటీ లేదు. ప్రతి మాటకూ అతనే జవాబుదారీ. కాబట్టి అక్కడ మీరు ఇంకా నిలదీసి అడగొచ్చు. ఇరవై పాదాల వచన కవితలో ముందు పాదం చివరి మాటల్ని చూడండి. తర్వాత రెండోసారి వచ్చిన మాటల్ని లెక్కపెట్టండి. తర్వాత, మిగతావాటితో పొసగని ఒక్క మాటను వెతకండి. అంతా వాడుక భాషలో ఉండి ఒక్క కోర్టు మాటో ఆసుపత్రి మాటో ఉంటే, దాదాపు ఎప్పుడూ కవిత కీలు అక్కడే ఉంటుంది.

వచ్చే నెలకు ఏం చదవాలన్నారు కనుక, త్యాగరాజు ‘నిధి చాల సుఖమా’ తీసుకోండి. చెన్నైలో కల్యాణి రాగంలో ఈ కీర్తన విననివాళ్లు మీలో ఉండరు, మాటల కోసం విన్నవాళ్లు తక్కువే ఉంటారు. నిధి సుఖమా, రాముని సన్నిధి సేవ సుఖమా అని మనసును అడుగుతాడు. నిధి, సన్నిధి రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవే. దాచిపెట్టినది ఒకటి, దగ్గరుండటం ఇంకొకటి. సొమ్ము మాట దైవం మాటలో ఇమిడిపోయింది. చరణంలో ‘దమ శమమను గంగాస్నానము సుఖమా, కర్దమ దుర్విషయ కూప స్నానము సుఖమా’ అంటాడు. లోకంలో శమదమాలు అనే వరస. ఆయన తిప్పి దమ శమ అన్నాడు, ఎందుకంటే రెండో పాదంలో బురద అనే అర్థమున్న కర్దమ వస్తోంది. ఇంద్రియాల్ని అదుపులో పెట్టే దమానికీ బురదకీ మధ్య తేడా ఒక్క ‘కర్’. ఈసారి ఇమిడిపోయింది మంచి మాట, ఇముడ్చుకున్నది చెడ్డ మాట. అందుకే ప్రశ్నల వరస కూడా తిరగబడింది. పల్లవిలో లోకం ముందు, దైవం తర్వాత. ఇక్కడ గంగ ముందు, బురద బావి తర్వాత. చివరి జంట మమత, సుమతి. ఆ రెండింటి సంగతి మీరే తేల్చుకోండి. మార్గళి (డిసెంబరు–జనవరి) కచేరీల్లో ఎవరైనా ఈ కీర్తన ఎత్తుకుంటే, సన్నిధినీ కర్దమనూ గాయకులు ఎక్కడ విరుస్తున్నారో కాగితం మీద గుర్తు పెట్టుకుని రండి.